పప్పు ఇట్టే ఉడికే నీళ్లలో ఫ్లోరైడ్ 2.66 ఎలా వచ్చింది? (పెన్నా పరివాహకం, బోరు నీళ్లు)

చీనీతోట
అందరికీ నమస్కారం. మాది ధర్మవరం వైపు, చిత్రావతికి కాస్త ఎడంగా ఉన్న పల్లె. తోటలో రెండు చోట్ల నీళ్లున్నాయి. ఏటి వైపు తాత తవ్వించిన బావి, ఇటు గుట్ట కింద లోతు బోరు. బావి నీళ్లు నోట్లో పోసుకుంటేనే ఉప్పుదనం తెలుస్తుంది. సబ్బు నురగ రాదు, కందిపప్పు ఎంతసేపు పెట్టినా పలుకు పలుకే. బోరు నీళ్లు తేటగా, కమ్మగా ఉంటాయి. పప్పు రెండు విజిల్స్‌కే మెత్తబడుతుంది. అందుకని ఇంటిల్లిపాదీ తాగేది బోరు నీళ్లే.

పిల్లవాడి ముందు పళ్ల మీద సుద్ద గీతల్లాంటివి కనిపిస్తే డెంటిస్ట్‌కు చూపించాం. ఫ్లోరైడ్ ఎక్కువైన నీళ్ల వల్ల కావచ్చు, ముందు నీళ్లు టెస్ట్ చేయించమన్నారు ఆయన. రెండింటివీ ఇచ్చాం. రిపోర్టు ఇదీ (పీహెచ్ తప్ప అన్నీ లీటరుకు మిల్లీగ్రాములు):

బోరు: పీహెచ్ 8.2, టీడీఎస్ (కరిగిన లవణాల మొత్తం) 825, హార్డ్‌నెస్ 140, ఆల్కలినిటీ (క్షార గుణం) 400, కాల్షియం 24, మెగ్నీషియం 19.5, సోడియం 253, పొటాషియం 4, క్లోరైడ్ 106, సల్ఫేట్ 58, నైట్రేట్ 78, ఫ్లోరైడ్ 2.66.

బావి: పీహెచ్ 7.3, టీడీఎస్ 1,410, హార్డ్‌నెస్ 620, ఆల్కలినిటీ 330, కాల్షియం 120, నైట్రేట్ 112, ఫ్లోరైడ్ 0.7.

ఉప్పునీళ్లలో ఫ్లోరైడ్ లేదట, మంచినీళ్లలో ఉందట! ల్యాబ్ వాళ్లు సీసాలు తారుమారు చేశారేమోనని మా నాన్న అనుమానం.

తాడిపత్రి_బండ
తారుమారు అయి ఉండవు అన్నా. మాది తాడిపత్రి, నల్ల బండల గడ్డ. గీజర్ కాయిల్ మీద పెచ్చులు కట్టడం, బకెట్ అంచున తెల్లటి చారలు మాకు పుట్టినప్పటి నుంచి అలవాటే. కానీ ఫ్లోరైడ్ మాట మా వీధిలో ఎప్పుడూ వినలేదు. ఎందుకో రాళ్ల సంగతి తెలిసిన వాళ్లు చెప్పాలి.

పరీక్షనాళిక
నేను నీటి పరీక్షల ల్యాబ్‌లోనే పని చేస్తాను. ఏ రిపోర్టు చేతికొచ్చినా ముందు లెక్క కుదిరిందో లేదో చూడటం మా అలవాటు. నీటిలో ధన ఆవేశం ఎంతుంటే రుణ ఆవేశం అంతే ఉండాలి కదా. మిల్లీగ్రాములను మిల్లీ ఈక్వివలెంట్లలోకి మార్చి కలిపితే సరి.

మీ బోరుకు: కాల్షియం 1.2, మెగ్నీషియం 1.6, సోడియం 11, పొటాషియం 0.1. మొత్తం 13.9. ఇటు వైపు బైకార్బొనేట్ 8 (ఆల్కలినిటీ 400ను 50తో భాగిస్తే), క్లోరైడ్ 3, సల్ఫేట్ 1.2, నైట్రేట్ 1.26, ఫ్లోరైడ్ 0.14. మొత్తం 13.6. తేడా 0.3 మాత్రమే. ఐదు శాతం లోపు తేడా ఉంటే మేం పాస్ చేస్తాం, ఇది రెండు శాతం కూడా లేదు. సీసాల సంగతికొస్తే, పప్పు ఉడకని నీళ్ల రిపోర్టులో హార్డ్‌నెస్ 620 ఉంది, ఉడికే నీళ్ల రిపోర్టులో 140 ఉంది. తారుమారైతే ఇలా రాదు. నాన్నగారికి చెప్పండి, రిపోర్టు సరైనదే.

ఇంకో చిట్కా. ఏ రిపోర్టులోనైనా హార్డ్‌నెస్, ఆల్కలినిటీ అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ కాల్షియం కార్బొనేట్ లెక్కలోనే ఇస్తారు కాబట్టి నేరుగా పోల్చొచ్చు. ఆల్కలినిటీ ఎక్కువగా ఉంటే ఆ నీళ్లలో సోడియం బైకార్బొనేట్ ఉన్నట్టు. అంటే వంటింట్లో శనగలు ఉడకడానికి చిటికెడు వేసే తినే సోడా. మీ బోరులో 400కు 140! పప్పు ఎందుకు ఉడకదు మరి? మన వైపు ఈ రకం నీళ్లు కనిపిస్తే, ఫ్లోరైడ్ చూడకుండా నేను సంతకం పెట్టను.

చీనీతోట
అమ్మ ఎప్పుడూ అంటుంది, ఈ నీళ్లతో అన్నం వండితే కాస్త పసుప్పచ్చగా వస్తుందని. బియ్యం పాతవి అనుకునేవాళ్లం.

పరీక్షనాళిక
ఆల్కలినిటీ బాగా ఉన్న నీళ్లలో అన్నం పసుపు తిరుగుతుంది. బియ్యాన్ని అనకండి పాపం.

రాళ్లూ_రప్పలూ
భూగర్భ శాస్త్రం చదివాను, బోర్ల సర్వేలతోనే నా బతుకంతా. కాస్త పెద్ద పోస్టు, ఓపిక పట్టండి.

పెన్న నంది కొండల్లో పుట్టి 597 కిలోమీటర్లు నడిచి నెల్లూరు దాటి సముద్రంలో కలుస్తుంది. పరివాహకం 55,213 చదరపు కిలోమీటర్లు. అందులో అనంతపురం భాగం మరీ ఎండు నేల. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, ఎండకు ఆవిరి కాగలిగే నీరు దానికి దాదాపు మూడింతలు. నాగ్‌పూర్‌లోని జాతీయ నేలల సర్వే సంస్థ గీసిన వ్యవసాయ మండలాల పటంలో ఈ ప్రాంతాన్ని 'వేడి శుష్క' మండలంలో చేర్చారు, రాజస్థాన్ ఎడారికి పెట్టిన పేరే ఇదీను.

ఇక రాళ్లు. తాడిపత్రి నుంచి జమ్మలమడుగు వైపు కడప బేసిన్ సున్నపురాళ్లు, షేల్స్. ధర్మవరం, కదిరి, పెనుకొండ వైపు గ్రానైట్లు, నీస్ రాళ్లు. గ్రానైట్‌లో నల్లగా మెరిసే అభ్రకం రేకులు చూసే ఉంటారు, అది బయోటైట్. దానిలోనూ, హార్న్‌బ్లెండ్, అపటైట్ అనే ఖనిజాల్లోనూ ఫ్లోరిన్ ఉంటుంది. అక్కడ అది హైడ్రాక్సిల్ ఉండాల్సిన చోట కూర్చుని ఉంటుంది. నీటి పీహెచ్ పెరిగితే నీటిలోని హైడ్రాక్సిల్ ఆ చోటును పట్టుకుంటుంది, ఫ్లోరైడ్ నీళ్లలోకి వచ్చేస్తుంది. కాబట్టి రాయి మాత్రమే ఉంటే చాలదు, నీళ్లు కూడా దానికి తగ్గట్టు మారాలి.

ఎలా మారతాయి? వాన నీరు మట్టిలో దిగేటప్పుడు వేర్లు, సూక్ష్మజీవులు వదిలే కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుంటుంది. ఆ పలుచటి ఆమ్లం గ్రానైట్‌లో ఉండే ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజాన్ని కొంచెం కొంచెంగా కొరికి, దాన్ని బంకమట్టిగా మార్చి, సోడియం, కాల్షియం, బైకార్బొనేట్‌లను వెంట తీసుకుపోతుంది. తడి ప్రాంతమైతే ఆ నీరు ఏటిలోకి పారిపోతుంది. ఇక్కడ పారదు. ఎండకు సగం ఆవిరై, మిగిలింది చిక్కబడుతుంది. చిక్కబడే కొద్దీ ముందు విడిపోయేది కాల్షియం కార్బొనేట్. పొలం తవ్వితే రెండు మూడు అడుగుల కింద తెల్లటి సుద్ద గడ్డలు తగులుతాయి కదా, అదంతా ఒకప్పుడు నీళ్లలో ఉన్న కాల్షియమే. మిగిలిన కాల్షియంలో కొంత బంకమట్టికి అతుక్కుని, బదులుగా సోడియాన్ని నీళ్లలోకి వదులుతుంది.

అసలు సంగతి ఇక్కడే ఉంది. నీళ్లలో ఫ్లోరైడ్ ఇష్టమొచ్చినంత పెరగకుండా ఆపేది కాల్షియమే. రెండూ ఒక హద్దు దాటితే కాల్షియం ఫ్లోరైడ్‌గా కట్టి అడుగున పడతాయి. ఆ లెక్కలో ఫ్లోరైడ్ వర్గంగా (దానితోనే దాన్ని గుణించి) వస్తుంది కాబట్టి, కాల్షియం నాలుగో వంతుకు పడిపోతే ఫ్లోరైడ్‌కు వీలున్న గరిష్ఠ మట్టం రెట్టింపవుతుంది. మీ బావిలో కాల్షియం 120, బోరులో 24. బావి నీళ్లకు కాపలా ఉంది, బోరు నీళ్లకు లేదు. తాడిపత్రి తమ్ముడి గీజర్ పెచ్చుల రహస్యం కూడా ఇదే. సున్నపురాయి కాల్షియం ఇస్తూనే ఉంటుంది, పైగా ఆ రాళ్లలో గ్రానైట్‌లో ఉన్నంత బయోటైట్ లేదు.

కాబట్టి నాలుకకు నచ్చడం, సబ్బు నురగ రావడం, పప్పు ఉడకడం... ఈ మూడూ కాల్షియం లేదని చెప్పే గుర్తులు. మన పెద్దవాళ్లు మంచినీటికి పెట్టుకున్న పరీక్షలు ఉప్పును పట్టుకుంటాయి, ఫ్లోరైడ్‌ను పట్టుకోలేవు. గ్రానైట్ నేలలో ఆ మూడు పరీక్షలూ ఫస్ట్ క్లాసులో పాసైన బోరునే నేను ముందు అనుమానిస్తాను.

పెన్నమ్మ_బిడ్డ
సార్, దండం పెట్టాలి మీకు. ఒక డౌట్. బోరులో కాల్షియం అంత తక్కువైతే మా డ్రిప్ పైపుల్లో తెల్లటి పొర ఎందుకు కడుతోంది? మావి కూడా ఇలాంటి నీళ్లే.

రాళ్లూ_రప్పలూ
పైపులో కడుతున్నది కూడా అదే కాల్షియం. భూమి లోపల ఒత్తిడిలో ఉన్న నీరు బయటికి రాగానే కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోతుంది, పీహెచ్ పెరుగుతుంది. దానికి తోడు ఎండకు నల్ల పైపు కాగుతుంది. బైకార్బొనేట్ అంత దండిగా ఉన్నప్పుడు 24 మిల్లీగ్రాముల కాల్షియం కూడా నిలవదు.

చీనీతోట
మా దగ్గరా అంతే. నిన్న ఒక డ్రిప్పర్ ఊడదీసి చూశా. లోపల దారి పొడవునా తెల్లగా, గోటితో గీస్తే పొడిలా రాలింది. దాని మీద నిమ్మకాయ పిండితే బుసబుసమని పొంగి, కాసేపటికి నల్ల ప్లాస్టిక్ బయటపడింది. ఏటా యాసిడ్ ఎక్కిస్తున్నాం గానీ, ఇదీ పిల్లవాడి పళ్లూ ఒకే కథ అని తెలీదు.

బోర్‌లారీ
ఇంత కెమిస్ట్రీ ఎందుకన్నా. ఇంకో రెండొందల అడుగులు దింపండి, చల్లటి కొత్త జల తగులుతుంది. మా వైపు అందరూ అదే చేస్తున్నారు.

రాళ్లూ_రప్పలూ
కొత్త జల కాదది, పాత జల. గట్టి రాతిలో లోతుకు పోయే కొద్దీ నీరు పగుళ్లలో ఎక్కువ కాలం రాయితో కాపురం చేసి ఉంటుంది. అన్ని చోట్లా ఒకేలా ఉండదు గానీ, గ్రానైట్‌లో లోతు పెంచి ఫ్లోరైడ్ తగ్గించుకుందామంటే మాత్రం నేను ఒప్పుకోను. అడుగుకింత అని బిల్లు మాత్రం తప్పకుండా పెరుగుతుంది 🙂

బోర్‌లారీ
మా పొట్ట కొట్టకండి సార్ 😄

పొదిలి_మాస్టారు
నేను రిటైర్డ్ సైన్స్ టీచర్ని. మా పొదిలి పేరు ఈ విషయంలో వైద్య చరిత్రలోకే ఎక్కింది, గర్వపడే సంగతి కాదనుకోండి. ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు బిగుసుకుపోయే జబ్బును మన దేశంలో మొదట వైద్య పత్రికకు ఎక్కించింది 1937లో. షార్ట్ అనే డాక్టరూ ఆయన సహచరులూ అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో మా ప్రాంతాన్ని చూసి రాశారు. అంతకు ముందే రైతులు పసిగట్టారని చెబుతారు. దుక్కిటెద్దులు కీళ్లు పట్టేసి నడవలేకపోయేవట. ఎద్దుల తరవాత మనుషుల వంతు.

మా చిన్నప్పుడు మెడ తిప్పలేక మనిషంతా తిరిగి చూసే పెద్దలు ఊళ్లో ఉండేవారు. ముసలితనం అనుకునేవాళ్లం. వాళ్ల వయసు నలభై, యాభై.

నల్లగొండ_నర్సన్న
మాస్టారూ, మా కథ మీకు తెలిసిందే. మోకాళ్లు లోపలికి వంగిన పిల్లల గురించి జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు 1973లో రాసింది మా జిల్లా గురించే. నాగ్‌పూర్ నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన) సంస్థ పటిక, సున్నం పద్ధతి తయారు చేస్తే దానికి మా ఊరి పేరే పెట్టారు, నల్లగొండ టెక్నిక్ అని. పేరు గొప్పే. బిందెలో సున్నం, పటిక వేసి పది నిమిషాలు కలిపి, గంట సేపు తేరనిచ్చి, పైనీళ్లు వంచుకోవాలి. అడుగు మడ్డిని ఎక్కడ పోయాలో ఎవరూ చెప్పరు. పొద్దున కూలికి పొయ్యే ఆడమనిషి రోజూ ఈ పని చేస్తుందా? ఇప్పుడు మిషన్ భగీరథ కింద కృష్ణ నీళ్లు వస్తున్నయ్. నది నీళ్లు తెచ్చి పొయ్యడమే అసలు మందు అని నేనంటా.

పరీక్షనాళిక
నర్సన్న గారి మాట నిజం. దానికి తోడు, ఆల్కలినిటీ పెరిగే కొద్దీ పటిక మోతాదు కూడా పెరుగుతుంది. 400 ఉన్న నీళ్లకు చాలానే పడుతుంది. మోతాదు కుదరకపోతే నీళ్లలో అల్యూమినియం మిగిలిపోతుంది. ఇంట్లో అందాజాగా వేసే వ్యవహారం కాదు.

డాలస్‌లో_ధర్మవరం
హాయ్, పక్క ఊరే మాది. అమ్మానాన్నలకు టీడీఎస్ మీటర్ కొనిచ్చి వచ్చాను. రోజూ వీడియో కాల్‌లో చూపిస్తారు, 700 దాటదు. మన లెక్కలో 2,000 దాకా పర్వాలేదంటారు కదా, సేఫ్ అనుకోవచ్చా?

పరీక్షనాళిక
అనుకోకూడదు. ఆ మీటర్ చూసేది నీళ్లలో కరెంటు ఎంత పారుతుందో, అంతే. 825 టీడీఎస్‌లో 2.66 ఫ్లోరైడ్ ఎంత భాగమో మీరే చూడండి. మీటర్‌కు అది కనపడను కూడా కనపడదు. ఈ దారంలోనే 1,410 ఉన్న బావిలో 0.7 ఉంది.

ఇక హద్దులు. మన బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం ఫ్లోరైడ్ 1.0 లోపు ఉండాలి, వేరే ఆధారం లేకపోతే 1.5 దాకా ఒప్పుకుంటారు. నైట్రేట్ 45. దానికి సడలింపు లేదు. మీరు చెప్పిన 2,000 కూడా వేరే గతి లేనప్పటి హద్దే, మామూలుగా 500. మన ఎండలకు మనిషి తాగే నీళ్లెక్కువ కాబట్టి 1.5ను కూడా నేను గొప్పగా చూడను.

అమ్మానాన్నల ఊళ్లోనే ఎవరి దగ్గరైనా ఫీల్డ్ కిట్ ఉంటుంది, అడగమనండి. జిర్కోనియం కలిపిన ఎర్రటి రంగు ద్రావణం చుక్కలు వేస్తారు. ఫ్లోరైడ్ ఉంటే జిర్కోనియాన్ని అది లాగేసుకుంటుంది, గులాబీ నుంచి పసుపు వైపు తిరుగుతుంది. అంకె కచ్చితంగా రాదు, ల్యాబ్‌కు పంపాలో లేదో మాత్రం తేలిపోతుంది.

డాలస్‌లో_ధర్మవరం
థాంక్యూ. కాచి చల్లార్చి తాగితే?

పరీక్షనాళిక
నీళ్లు ఆవిరవుతాయి, ఫ్లోరైడ్ గిన్నెలోనే ఉంటుంది. నైట్రేటూ అంతే. అంటే ఇంకా చిక్కబడతాయి. కాచడం క్రిములకు. క్యాండిల్ ఫిల్టర్, రాగి బిందె వల్ల కూడా ఫ్లోరైడ్ పోదు. ఆర్‌ఓ, లేదంటే ఫ్లోరైడ్‌ను పట్టి ఉంచే యాక్టివేటెడ్ అల్యూమినా గుళికల ఫిల్టర్.

గృహలక్ష్మి_గుత్తి
ఆర్‌ఓ అంటే గుర్తొచ్చింది. మా ఇంట్లో బిందె మంచినీళ్లకు రెండు బిందెలు పక్క పైపులోంచి పోతాయి. వృథా ఎందుకని ఆవులకు పెడుతున్నాం. పర్వాలేదా?

పరీక్షనాళిక
వద్దక్కా. వడకట్టి తీసేసిన ఫ్లోరైడ్, నైట్రేట్ అంతా ఆ పక్క పైపు నీళ్లలోనే ఉంటాయి. మాస్టారు చెప్పిన ఎద్దుల కథ చదివారు కదా. బండలు కడగడానికి, మరుగుదొడ్డికి వాడండి.

పెన్నమ్మ_బిడ్డ
ఫ్లోరైడ్ గోలలో పడి అందరూ నైట్రేట్‌ను వదిలేశారు. బావిలో 112, బోరులో 78! అది రాయిలోంచి రాదు కదా?

రాళ్లూ_రప్పలూ
రాదు. అది మన చేతి పనే. యూరియా, పేడ దిబ్బ, సెప్టిక్ ట్యాంకు. బావిలో ఉండటం వింత కాదు. అంత లోతు బోరులో 78 ఉందంటే మాత్రం పైనీరు ఎక్కడో లోపలికి జారుతోంది. కేసింగ్ పైపు గట్టి రాయి తగిలే వరకే దించుతారు, పక్క సందు సరిగ్గా మూయరు. చీనీతోట గారూ, బోరు దగ్గర పశువుల పాక ఉందా?

చీనీతోట
ఉంది సార్. నీళ్లు పెట్టడం సులువని పక్కనే కట్టాం. దిబ్బ కూడా అక్కడే.

రాళ్లూ_రప్పలూ
దిబ్బను ముందు దూరం జరిపించండి. బోరు చుట్టూ సిమెంటు గట్టు కట్టి, నీరు బయటికి వాలేలా చూడండి. ఇంట్లో నెలల బిడ్డ ఉంటే ఈ నీళ్లతో పాలపొడి కలపొద్దు. పసిపిల్లల రక్తం ఆక్సిజన్ మోసే శక్తిని నైట్రేట్ దెబ్బతీస్తుంది.

కడప_కుర్రోడు
తుమ్మలపల్లె వైపు యురేనియం అంటారే, దానికీ ఈ కెమిస్ట్రీకీ సంబంధం ఉందా?

రాళ్లూ_రప్పలూ
ఒక ముక్కలో చెప్తా, మిగతాది వేరే దారం తెరవండి, లేకపోతే ఇది రచ్చబండ అవుతుంది. ఆక్సిజన్ ఉన్న నీళ్లలో బైకార్బొనేట్ ఎక్కువైతే యురేనియం దానితో జతకట్టి నీళ్లలోనే తిరుగుతుంది. కాబట్టి ఆల్కలినిటీ ఎక్కువున్న చోట యురేనియం కూడా చూడటం మంచిది. ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు లీటరుకు 30 మైక్రోగ్రాములు.

బుడ్డల_రైతుబిడ్డ
అగ్రికల్చర్ బీఎస్సీ చేసి సాగులో ఉన్నాను. తాగునీటి సంగతి తేలింది గానీ చీనీ (బత్తాయి) చెట్ల గురించి ఎవరూ అడగలేదు. ఆ బోరు నీళ్లు చెట్లకూ మంచివి కావు.

బైకార్బొనేట్ 8 లోంచి కాల్షియం, మెగ్నీషియం కలిపి 2.8 తీసేస్తే 5.2 మిగిలింది. దీన్ని ఆర్‌ఎస్‌సీ (మిగులు సోడియం కార్బొనేట్) అంటాం. 1.25 లోపు మంచిది, 2.5 దాటితే సాగుకు పనికిరాదు. సోడియం మట్టి రేణువులను విడగొట్టి నేలను బిగించేస్తుంది. పైన పెంకు కడుతుంది, నీరు ఇంకదు. ఇంకో నాలుగైదేళ్లు ఇలాగే పోతే చౌడు తేలుతుంది. చెట్ల కింద మట్టి తడిగా ఉంటే జిగట, ఎండితే రాయిలా ఉందా చీనీతోట గారూ?

చీనీతోట
అచ్చం అలాగే ఉంది తమ్ముడూ. పార దిగడం లేదు. ఆకుల కొసలు కూడా మాడుతున్నాయి. పొటాష్ తక్కువైందని షాపులో ఏదో ఇచ్చారు.

బుడ్డల_రైతుబిడ్డ
జిప్సం వేయాలన్నా. మనకు కొత్తది కాదు, బుడ్డలకు (వేరుశనగకు) ఊడలు దిగేటప్పుడు ఎకరాకు 200 కిలోలు వేస్తూనే ఉంటాం. ఇక్కడ అవసరం వేరు, నీళ్లలో లేని కాల్షియాన్ని మనం అందిస్తున్నాం. లెక్క ఇదీ: ఎకరం మీద ఒక అంగుళం నీరు పారితే, ఆర్‌ఎస్‌సీ ఒక్క పాయింట్ తగ్గించడానికి దాదాపు 9 కిలోల స్వచ్ఛమైన జిప్సం కావాలి. మీకు 5.2 నుంచి 2.5కు దించాలంటే అంగుళానికి 24 కిలోలు. బస్తాలో వచ్చేది అంత శుద్ధంగా ఉండదు, కాస్త ఎక్కువే వేసుకోండి. డ్రిప్ నీళ్లలో మాత్రం కలపొద్దు, ఇప్పటికే మూసుకుపోతున్న డ్రిప్పర్లు పూర్తిగా పోతాయి. పాదులో చల్లి పైమట్టిలో కలిపి తడి ఇవ్వండి.

ఇంకో దారి, బావి నీళ్లు, బోరు నీళ్లు తొట్టిలో కలిపి పారించడం. బావిలో కాల్షియం ఉంది, నైట్రేట్ కూడా చెట్టుకు ఎరువే. ఉప్పు ఎంతవుతుందో మాత్రం కలిపిన నీళ్లు టెస్ట్ చేసి చూడాలి. చీనీ ఉప్పుకు తట్టుకోదు.

తాడిపత్రి_బండ
ఒకరి విషం ఇంకొకరికి ఎరువు 😀

నల్లగొండ_నర్సన్న
అక్కడ చెరువులకు నీళ్లు ఇడుస్తున్నరు గదా, హంద్రీ-నీవా కాలువ నుంచి. దానితో బోర్లల్ల ఫ్లోరైడ్ తగ్గదా?

రాళ్లూ_రప్పలూ
చెరువు కింద, దగ్గర్లో ఉన్న బోర్లకు తగ్గే అవకాశం ఉంది. శ్రీశైలం నుంచి వచ్చే కృష్ణ నీరు పలుచన, రాతితో అంత కాలం గడపలేదు. కానీ గట్టి రాతిలో నీరు పగుళ్ల వెంబడే పోతుంది. చెరువుకు ఆనుకున్న బోరు మారకపోవచ్చు, అర కిలోమీటరు అవతలిది మారొచ్చు. ఇంకో సంగతి, మొదటి వానలకు, చెరువు మొదటిసారి నిండగానే అంకెలు తగ్గుతాయనుకోవద్దు. మట్టిలో పేరుకున్న ఉప్పు, నైట్రేట్ ముందు కిందికి కొట్టుకొస్తాయి. అందుకే ఎండాకాలం చివర ఒకసారి, అక్టోబరు వానలు వెలిశాక ఒకసారి టెస్ట్ చేయించమంటాను. ఒక్క రిపోర్టుతో బోరుకు జాతకం రాయకూడదు.

పొదిలి_మాస్టారు
చీనీతోట గారూ, మీ జిల్లాలో 1990ల్లో సత్యసాయి ట్రస్టు వాళ్లు 700కు పైగా ఊళ్లకు తాగునీటి పైపులు వేశారు కదా. మీ ఊరికి కుళాయి లేదా?

చీనీతోట
ఉంది మాస్టారూ. వీధి చివర రోజు విడిచి రోజు వస్తుంది. బోరు నీళ్లు కమ్మగా ఉన్నాయని దాన్ని పట్టించుకోలేదు. నిన్నటి నుంచి తాగడానికీ వంటకూ అవే పట్టుకుంటున్నాం. పప్పు ఆలస్యంగా ఉడుకుతోందని అమ్మ ఒకటే సణుగుడు. ఆ కుళాయి నీళ్లు కూడా సీసాలో పట్టి ల్యాబ్‌కు పంపాను.

@బుడ్డల_రైతుబిడ్డ, జిప్సం పాదులో చెట్టు మొదలుకు ఎంత దూరంలో వేయాలి? చెట్లు ఎనిమిదేళ్లవి.

బుడ్డల_రైతుబిడ్డ
మొదలుకు ఆనించకండి. కొమ్మల నీడ అంచు ఎక్కడ పడుతుందో, అక్కడి నుంచి లోపలికి రెండు అడుగుల పట్టీలో చల్లండి, వేళ్లు ఎక్కువగా అక్కడే ఉంటాయి. వేసే ముందు మట్టి కూడా టెస్ట్‌కు ఇవ్వండి. సోడియం శాతం, అంటే ఈఎస్‌పీ, ఎంతుందో రిపోర్టు ఇక్కడే పెట్టండి, డోసు లెక్క కట్టి చెప్తాను.